ఉంటుందా… వెళ్ళిపోతుందా?

"ఏడు రోజులు చూద్దాం ఉషా! కుదిరితే ఉంటుంది… కుదరకపోతే వచ్చిన చోటికే వెళ్ళిపోతుంది. అంతకంటే చేసేదేముంది!"

వంటింట్లో పప్పు మెదుపుతున్న శివపార్వతి చెయ్యి అలాగే ఆగిపోయింది. కన్నకొడుకు నోటి నుంచి వినవలసిన మాటేనా ఇది!

హాల్లో కొడుకు పవన్‌కుమార్ అప్పుడే ఆటోనగర్ నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ భార్యతో మాట్లాడుతున్నాడు. వాడిది పెద్ద గొంతు. స్పేర్‌పార్టుల కొట్లో లారీల మధ్య అరిచి అరిచి అలా తయారైంది. అందుకే ఆ ఇంట్లో శివపార్వతికి కాస్తో కూస్తో వినపడేది వాడి మాటే, అదీ ముక్కలు ముక్కలుగా! "అమ్మకి బొత్తిగా వినపడటం లేదు, నిజమే…" అనడం విన్నది. అంతలో కుక్కరు కూత వేసింది. ఆ కూతలో నాలుగు మాటలు కొట్టుకుపోయాయి. కూత ఆగాక చెవిన పడింది ఈ మాట. కుదిరితే ఉంటుంది, లేకపోతే వెళ్ళిపోతుంది!

కోడలు ఉషశ్రీ ఇటు వీపు పెట్టి నిలబడింది. చేతులు ఊపుతూ ఏదో గట్టిగానే అంటోంది. కానీ పెదవులు కనబడకపోతే కోడలి మాట ఒక్కటీ ఆవిడకి అందదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. "కొంచెం మందం, అంతే!" అని నాలుగేళ్ళుగా నెట్టుకొస్తోంది. కిందటి నెల ఉషశ్రీ బలవంతాన చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మిషను పెట్టించింది. అది పెట్టుకుంటే బోరుమని గోల, కళ్ళు తిరగడం! రెండోరోజే తీసి అలమారలో పడేసింది శివపార్వతి. కోడలు ఏమీ అనలేదు గానీ, అప్పటి నుంచి మొహం అదోలా పెట్టుకుని తిరుగుతోంది.

'ఇదన్నమాట ఆలోచన! నాకు గడువు పెట్టారన్నమాట!'

వచ్చిన చోటంటే ఏది? ఆడదానికి వచ్చిన చోటు పుట్టిల్లే కదా! ఇబ్రహీంపట్నంలో అన్నయ్య రామకోటేశ్వరరావు ఇల్లు. అన్నయ్యకే డెబ్భై దాటాయి. వదినకి మోకాళ్ళ నొప్పులు. పటమటలో ఇంత చక్కని ఇల్లు, కొడుకు, కోడలు, మనవరాలు ఉండగా, సంచీ పట్టుకుని వాళ్ళ గుమ్మంలో దిగితే ఏమనుకుంటారు! శివపార్వతి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చీర చెంగుతో తుడుచుకుని పప్పు పోపు వేసింది. ఆ రాత్రి పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ ఒక్క మాట అనకుండా మజ్జిగ పోసుకుని తినేశారు. అది కూడా ఆవిడకి బాధే! 'పోయేదే కదా అని ఊరుకున్నారు' అనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇంకో దెబ్బ తగిలింది.

స్నానం చేసి ఉషశ్రీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పళ్ళెంలో రెండు అరటిపళ్ళు, తమలపాకులు, కుంకుమ భరిణె, కొత్త మంగళగిరి చీర. దాని మీద నిగనిగలాడుతూ ఒక కొత్త స్మార్ట్‌ఫోను డబ్బా! వెనకాల మనవరాలు సింధూరి గెంతుతోంది. ఉషశ్రీ నవ్వుతూ ఏదో చెప్పింది. శివపార్వతికి అందినవి మూడే ముక్కలు. "మీ కోసమే అత్తయ్యా… మాట్లాడితే చాలు… ఇందులో కనిపిస్తుంది…"

అంతే! ఇంక సందేహం ఏముంది! ఇంటి ఆడదాన్ని సాగనంపేటప్పుడు పళ్ళెంలో పండూ కుంకుమా పెట్టి, చీర పెట్టి పంపడం ఆనవాయితీ. దాని మీద ఈ ఫోను. ఇబ్రహీంపట్నంలో కూర్చుని మాట్లాడితే మనవరాలి మొహం ఇందులో కనిపిస్తుందన్నమాట! ఎంత మర్యాదగా గెంటుతున్నారు!

"నాకెందుకమ్మా ఫోను? వద్దు. ఎక్కడిదక్కడ ఇచ్చేసిరా!"

"ఒక్కసారి చూడండత్తయ్యా! బొట్టు పెట్టి మొదలుపెడదాం…"

"వద్దన్నానా! బొట్టు పెడితే మనదైపోతుంది. తర్వాత వాపసు ఇవ్వడానికి ఉండదు. అసలు బొట్టు పెట్టడానికి నేనెవర్ని? తీసుకెళ్ళు!"

గొంతు తనకి తెలియకుండానే పెద్దదైపోయింది. భర్త బసవయ్యగారు పోయిన నాలుగేళ్ళలో ఆవిడ ఆ ఇంట్లో కుంకుమ భరిణె ముట్టుకోలేదు. కొత్త ఫ్రిజ్జు వచ్చినా, కొడుకు స్కూటరు మార్చినా, వంటింటి గడపలో నిలబడి చూసిందే తప్ప ముందుకి రాలేదు. ఎవరూ రావద్దనలేదు. తనే రాలేదు. ఇప్పుడు పంపించే ముందు కుంకుమ చేతికిస్తున్నారు!

ఉషశ్రీ మొహం చిన్నబోయింది. పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ అమ్మాయి ఏమనుకుందో తెలుసా? 'చెవిటిదానివని ఎత్తిచూపినట్టు అనిపించింది కాబోలు అత్తయ్యకి… ఎంత తప్పు చేశాను!' అనుకుంది.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆ రాత్రి పవన్‌కుమార్ ఉంటుందా వెళ్ళిపోతుందా అన్నది అమ్మ గురించి కాదు, ఫోను గురించి! మన భాషలో ఫోనూ 'ఉంటుంది', అమ్మా 'ఉంటుంది'. ఏం చేస్తాం! ఫోన్ల షాపు యజమాని దుర్గాప్రసాద్ వాడికి తెలిసినవాడు. "ఏడు రోజులు వాడి చూడండి, అమ్మగారికి సరిపడకపోతే గీతా మరకా లేకుండా తెచ్చివ్వండి, తీసుకుంటా" అన్నాడు. అదీ సంగతి. ఆ ఒక్క మాట వివరంగా అడిగితే అయిపోయేది కదా అంటారా? అడగదు! నలభై ఏళ్ళు సంసారం చేసి ఎవరినీ ఏదీ అడగని మనిషి, 'నన్ను ఉంచుకుంటారా నాయనా' అని అడుగుతుందా? కోడలు అడగదు, నొచ్చుకుంటారని. కొడుకు అడగడు, వాళ్ళిద్దరూ ఆడవాళ్ళు చూసుకుంటారని! ఇంట్లో ముగ్గురూ మంచివాళ్ళే. ఇలాంటి మంచివాళ్ళతోనే వచ్చేది చచ్చే చావు!

ఆ ఏడు రోజులూ శివపార్వతి పడిన పాట్లు చూడాలి! పనికొచ్చే మనిషినని నిరూపించుకోవాలని తెల్లవారకముందే లేచి పెసరట్లకి రుబ్బింది. దుప్పట్లన్నీ ఉతికింది. కిటికీ ఊచలు కూడా తుడిచింది. కానీ చెవులు ఆవిడ పరువు తీసేస్తూనే ఉన్నాయి. "అత్తయ్యా, రేపు నాకు సెలవు" అంది ఉషశ్రీ. కాలేజీ ఆఫీసులో పని ఆ అమ్మాయికి, సెలవు దొరకడమే గొప్ప. "అలాగేనమ్మా, చలవకి మజ్జిగ చేసి ఉంచుతాలే!" అంది శివపార్వతి. సింధూరి పూలు కావాలంటే గ్లాసుడు పాలు తెచ్చి ఇచ్చింది. పిల్ల పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. శివపార్వతీ నవ్వింది. నవ్వి, బాల్కనీలోకి వెళ్ళి ఆరిన బట్టల మధ్య మొహం దాచుకుని ఏడ్చింది.

'దేవుడా! ఇంకా మూడు రోజులున్నాయి. ఈ మూడు రోజులైనా నా చెవులు కాపాడు!'

ఫోను డబ్బా టీవీ పక్కన అలాగే కూర్చుంది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడకి ఒకటే ఆలోచన. అది తీసుకుంటే వెళ్ళడానికి ఒప్పుకున్నట్టే! వాపసు పోతే, ఏమో… మనసు మార్చుకుంటారేమో! అందుకే కోడలు దాని వైపు చెయ్యి చాపబోయినప్పుడల్లా "ఇంకా ఇచ్చిరాలేదా? షాపువాడు తీసుకోనంటాడేమో, త్వరగా ఇచ్చేయండి!" అని తొందర పెట్టింది. ఉషశ్రీ కళ్ళు తుడుచుకోవడం మాత్రం ఆవిడ చూడలేదు.

ఆదివారం వచ్చింది. ఏడోరోజు.

ఉషశ్రీ పొద్దున్నే భర్తతో చెప్పేసింది. "ఇచ్చేయండి. ఆవిడ మనసు కష్టపెట్టే వస్తువు మనింట్లో వద్దు." పవన్‌కుమార్ నిట్టూర్చి, డబ్బా చంకలో పెట్టుకుని, స్కూటరు తాళాలు తీసుకున్నాడు. చెప్పులు వేసుకోబోతూ తలెత్తి చూసి నిర్ఘాంతపోయాడు.

గుమ్మం పక్కన తల్లి నిలబడి ఉంది! ఉతికిన తెల్ల జరీ అంచు చీర కట్టుకుంది. చేతిలో సంచీ. సంచీలో నాలుగు చీరలు, మందుల డబ్బా, పైన బసవయ్యగారి ఫోటో, గుడ్డలో చుట్టి.

"ఎక్కడికమ్మా?"

శివపార్వతి వాడి పెదవుల వంక చూసింది. ఆ మాట అర్థమైంది. నవ్వడానికి ప్రయత్నించింది.

"పద నాన్నా. ఏడు రోజులైపోయాయిగా! నన్ను బందరు రోడ్డు మీద బస్సెక్కించు చాలు, ఇబ్రహీంపట్నం నేను వెళ్ళగలను. నీ మీద నాకేం కోపం లేదురా… కోడలి మీద అసలే లేదు. బంగారంలా చూసుకుంది ఇన్నాళ్ళూ. చెవిటి మనిషితో వేగడం ఎవరికైనా కష్టమే… నేను వద్దన్నా ఆ ఫోను తెచ్చి చేతిలో పెట్టబోయారు చూడు, అక్కడికదే ఎక్కువ! పాపని అప్పుడప్పుడు తీసుకొచ్చి చూపించండి, అంతే నేనడిగేది…"

పవన్‌కుమార్ చేతిలోంచి తాళాలు జారి పడ్డాయి. "అమ్మా! ఏం మాట్లాడుతున్నావ్! ఎవరు వెళ్ళమన్నారు నిన్ను!"

"నువ్వే అన్నావుగా నాయనా! కుదిరితే ఉంటుంది, లేకపోతే వచ్చిన చోటికే వెళ్ళిపోతుంది అని. పప్పు మెదుపుతూ విన్నాను."

ముందుగా ఉషశ్రీకి వెలిగింది. "అయ్యో అత్తయ్యా! అది ఫోను గురించండీ! ఫోను గురించి!" అని అరిచింది. కానీ శివపార్వతి కళ్ళనిండా నీళ్ళు. ఎవరి పెదవులూ కనబడటం లేదు. చెవులు ఎలాగూ లేవు. "పరవాలేదమ్మా, పరవాలేదు" అంటూ తల అడ్డంగా ఊపుతోంది. కొడుకు అరుస్తున్నాడు, కోడలు అరుస్తోంది, రెండూ కలిసిపోయి ఆవిడకి ఒక్క ముక్కా చేరడం లేదు!

ఉషశ్రీ భర్త చంకలోంచి డబ్బా లాక్కుంది. ఫోను తీసి గబగబా ఏదో నొక్కి, అత్తగారి కళ్ళు తన చెంగుతో తుడిచి, దాన్ని ఆవిడ మొహం ముందు పెట్టింది. "మాట్లాడండి!" అంది భర్తతో.

తెల్లటి అద్దం మీద అక్షరాలు ఒక్కొక్కటిగా పుట్టుకొచ్చాయి. లావుపాటి తెలుగు అక్షరాలు.

*మాట్లాడండి*

*అమ్మా నేను వెళ్ళిపోతుంది అన్నది ఈ ఫోను గురించి*

*నీకు నచ్చకపోతే ఫోను షాపుకి వెళ్ళిపోతుంది అన్నాను*

శివపార్వతి పెదవులు కదుపుతూ చదివింది. మళ్ళీ చదివింది. ఫోను… వెళ్ళిపోతుంది… షాపుకి… కొడుకు మొహం చూసింది. వాడు భోరున ఏడుస్తున్నాడు, నలభై ఏళ్ళవాడు! అద్దం మీద ఇంకేమీ రావడం లేదు. ఒకటే మాట వరసగా పడుతోంది.

*అమ్మా అమ్మా అమ్మా అమ్మా*

"ఓరి నాన్నా…" అంటూ సంచీ కింద పడేసి వాడిని దగ్గరికి తీసుకుంది. అద్దం మీద ఆ మాట కూడా పడింది. *ఊరి నాన్న*. సింధూరి కళ్ళు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. "నానమ్మా! దీనికీ నీలాగే సరిగ్గా వినపడదే!"

అద్దం మీద అది చదివి శివపార్వతి కూడా నవ్వింది. ఏడుపులోంచే వచ్చింది ఆ నవ్వు.

అందరూ సోఫాలో కూలబడ్డాక అసలు కథ బయటికొచ్చింది. ఉషశ్రీ చెబుతోంది, ఫోను రాస్తోంది, అత్తగారు చదువుతోంది. మిషను పడనివాళ్ళకి మాటలు రాసి చూపించే ఫోనులున్నాయని డాక్టరుగారు చెప్పారట. ఆ అమ్మాయి రోజూ మధ్యాహ్నం కాలేజీలో అన్నం తినే టైములో బీసెంట్ రోడ్డులో దుర్గాప్రసాద్ షాపుకి వెళ్ళేదట. ఒక్కొక్క ఫోనూ చేత్తో పట్టుకుని "అత్తయ్యా, అన్నం తిన్నారా?" అని అడిగేదట. ఒకటి 'అత్త అయ్య' అని రాసిందట. ఇంకొకటి 'అన్న తిన్నాడా' అని రాసిందట. షాపులో కుర్రాళ్ళు నవ్వుకున్నారట. ఐదోరోజు ఈ ఫోను దగ్గరికి వచ్చి అడిగితే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాసిందట.

*అత్తయ్యా అన్నం తిన్నారా*

శివపార్వతి ఆ అక్షరాల మీద వేలు పెట్టి అలా ఉండిపోయింది. ఈ ప్రశ్న రోజూ సాయంత్రం కోడలు ఇంట్లో అడుగుపెడుతూనే అడుగుతుంది. ఎన్నిసార్లు వినపడక తనే మొహం తిప్పుకుని వెళ్ళిపోయిందో! ఆ అమ్మాయి అడగటం మానలేదు. తన అన్నం మానుకుని షాపులో నిలబడి అడిగింది!

"నువ్వు తిన్నావా తల్లీ… ఆ ఐదు రోజులూ?" అంది.

ఉషశ్రీ తల దించుకుని వేరే మాట చెప్పింది. "అత్తయ్యా, డాక్టరుగారు ఇంకో మాట అడిగారు. ఈవిడ చాలా ఏళ్ళు పెద్ద చప్పుళ్ళ మధ్య ఉన్నారా అని. నాకు తెలియక ఈయన్ని అడిగాను. ఈయన ఆ రోజంతా మాట్లాడలేదండీ…"

పవన్‌కుమార్ తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆటోనగర్‌లో నాన్న లారీ బాడీల షెడ్డు. షెడ్డు వెనకే ఒకే ఒక్క గది. పన్నెండేళ్ళు అందులోనే కాపురం. గోడకి అవతల పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఇనప రేకు మీద సుత్తి దెబ్బలు! నాన్న, పనివాళ్ళు చెవులకి గుడ్డ కట్టుకునేవాళ్ళు.

"నాకు గుర్తుందమ్మా" అన్నాడు. అక్షరాలు మెల్లగా పడుతున్నాయి. "నా చెవుల్లో దూది పెట్టేదానివి. దురద పెడితే పీకేసేవాణ్ణి. మళ్ళీ పెట్టేదానివి. నా చెవులు ఇవాళ్టికీ బాగున్నాయి. మరి నువ్వెందుకు పెట్టుకోలేదమ్మా?"

శివపార్వతి ఆశ్చర్యంగా చూసింది. ఇంత చిన్న విషయం వీడికి తెలియదా అన్నట్టు.

"నేనూ పెట్టుకుంటే ఎలా నాన్నా? నువ్వు ఏడిస్తే నాకు వినపడొద్దూ!"

ఫోను ఆ మాట తప్పు లేకుండా రాసింది. ఎవరూ మాట్లాడలేదు కాబట్టి అది అద్దం మీద అలాగే నిలిచిపోయింది. పవన్‌కుమార్ దాన్ని చదవలేక తల్లి ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఉషశ్రీ అత్తగారి రెండు చెవులూ రెండు చేతుల్లోకి తీసుకుని, ముద్దు పెట్టుకుంది. ఒకటి, తర్వాత రెండోది. శివపార్వతికి ఏ చప్పుడూ వినపడలేదు. వెచ్చగా మాత్రం తెలిసింది. ముప్ఫై ఏళ్ళ నుంచి ఎవరూ అడగని మాట ఈ పిల్లలు అడిగారు… చాలు భగవంతుడా, చాలు! ఇంతకంటే ఏం కావాలి!

కాసేపటికి ఉషశ్రీ లేచి లోపలికి వెళ్ళింది. మళ్ళీ అదే పళ్ళెంతో వచ్చింది. అరటిపళ్ళు కొత్తవి. కుంకుమ భరిణె అదే. శివపార్వతి గబుక్కున చేతులు వెనక్కి లాక్కుంది.

"నువ్వు పెట్టమ్మా. నేను పెట్టకూడదు…"

"ఎవరు చెప్పారండీ? ఫ్రిజ్జు కొన్నప్పుడూ అలాగే లోపల నిలబడిపోయారు. నేను అప్పుడు నోరెత్తలేకపోయాను, మీరు నొచ్చుకుంటారని. ఇప్పుడు ఊరుకోను! ఈ వస్తువు మన ఇంట్లో ఉండాలంటే మీ చెయ్యే పడాలి. లేకపోతే ఇచ్చేసి వస్తాం!"

అక్షరాలన్నీ చదివి శివపార్వతి కొడుకు వంక చూసింది. వాడు తల ఊపాడు. ఆవిడ భరిణె మూత తీసింది. నాలుగేళ్ళ తర్వాత ఆ వాసన! ఉంగరపు వేలు నీళ్ళలో ముంచి, కుంకుమలో అద్ది, ఫోను వెనక నిండుగా ఒక బొట్టు పెట్టింది. బొట్టు కొంచెం కిందికి జారింది. అదే వేలితో కోడలి నుదుట పెట్టింది. మనవరాలు తనకి కూడా అంటూ మొహం ముందుకు చాపింది. చీర కూడా చేతిలోకి తీసుకుని, "ఇది సాగనంపడానికి కాదుగా?" అంది. అందరూ ఒక్కసారిగా నవ్వేశారు.

అంతలో పవన్‌కుమార్ ఫోను మోగింది. దుర్గాప్రసాద్! స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు. పక్కనే కొత్త ఫోను వినేసి రాసేసింది.

*పవన్ గారు ఇవాళ ఏడో రోజు కదా ఏమనుకున్నారు అమ్మగారి దగ్గర ఉంటుందా వెళ్ళిపోతుందా*

పవన్‌కుమార్ నోరు తెరవబోయాడు. శివపార్వతి వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. చదువుకున్న ఆ మాటకి, బల్ల మీదికి వంగి, చెవిటివాళ్ళకి అలవాటైన ఆ పెద్ద గొంతుతో, తనే జవాబు చెప్పింది.

"ఉంటుంది బాబూ! ఎక్కడికీ వెళ్ళదు. ఇక్కడే ఉంటుంది!"

తర్వాత లేచి, సంచీలోంచి బసవయ్యగారి ఫోటో తీసి గోడకి తగిలించింది. వంటింట్లోకి వెళ్తూ గడప మీద ఆగి, కోడలి వైపు తిరిగింది.

"నువ్వు కూర్చో ఉషా! ఇవాళ నేను వడ్డిస్తాను. ఆ ఐదు రోజులదీ కలిపి తినాలి నువ్వు!"